పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల పునర్వినియోగం

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల పునర్వినియోగం అనగా మొదట కొన్న అవసరానికి చాలకుండా పోయిన బల్లమీది కంప్యూటరును పారవేయకుండా, బాగుచేసి, దాని శక్తికి తగిన మరొక పనికి వాడుకోవడం. కొత్త కంప్యూటరు కొనలేనివారికి ఇది చౌక మార్గం. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను తగ్గించే మార్గాలలో కూడా ఇది ముఖ్యమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో పత్తి, మిరప విస్తారంగా పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యత ఉంది. మిర్చి యార్డు కమీషను కొట్లు, శీతల గిడ్డంగులు, జిన్నింగు మిల్లులు, కాటాలు, డీటీపీ కేంద్రాలు, పాఠశాలలు, ఇంజనీరింగు కళాశాలలు ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకచోట అక్కరలేదనుకున్న కంప్యూటరు మరొకచోట పనికివచ్చే అవకాశం ఇక్కడ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతంలో అధికభాగం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో ఉంది.

పాత కంప్యూటరు పనికివస్తుందా లేదా అన్నది దాని వయసు ఒక్కదానితో తేలదు. దానికి ఏ పని అప్పగించారు, ఆ తరువాత దానిని చూసుకునే మనిషి ఉన్నాడా అన్న రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది.

## పదాలు, అర్థాలు

ఈ విషయంలో వాడే కొన్ని పదాలు ఒకదానికొకటి దగ్గరగా కనిపించినా వాటి అర్థాలు వేరు.

* పునర్వినియోగం: కంప్యూటరును కంప్యూటరుగానే మరొకరు, లేదా మరొక పనికి వాడటం.
* పునరుద్ధరణ: పాడైన భాగాలను మార్చి, శుభ్రపరచి, కొత్త సాఫ్టువేరు ఎక్కించి తిరిగి పనిచేసే స్థితికి తేవడం.
* విడిభాగాల సేకరణ: మొత్తంగా పనికిరాని యంత్రంలోని మంచి భాగాలను వేరే యంత్రాలకు వాడటం. మెమొరీ, ప్రాసెసరు, విద్యుత్ సరఫరా పెట్టె, కేబుళ్ళు ఇలా పనికివస్తాయి.
* పునశ్చక్రీకరణ లేదా రీసైక్లింగు: యంత్రాన్ని విడదీసి అందులోని రాగి, ఇనుము, అల్యూమినియం, బంగారం, ప్లాస్టిక్కు వంటి పదార్థాలను రాబట్టడం.

వీటిని పైనుంచి కిందికి ఒక వరుసగా చూడాలి. పునర్వినియోగానికి అవకాశం ఉన్న యంత్రాన్ని నేరుగా విడదీస్తే అందులోని కొంత లోహం మాత్రమే దక్కుతుంది. దానిని తయారుచేయడానికి పట్టిన శ్రమ, శక్తి పోతాయి.

## కంప్యూటర్లు ఎందుకు పాతబడతాయి

డెస్క్‌టాప్ కంప్యూటరులో అరిగిపోయే భాగాలు తక్కువ. పంకాలు, హార్డ్ డిస్కు, విద్యుత్ సరఫరా పెట్టెలోని కెపాసిటర్లు కాలక్రమంలో చెడిపోతాయి. ప్రాసెసరు, మెమొరీ చాలా సంవత్సరాలు పనిచేస్తాయి. అయినా కంప్యూటర్లను మూలన పడవేయడానికి ప్రధానంగా సాఫ్టువేరు కారణమవుతున్నది.

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆపివేసింది. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను సాధారణ మద్దతు ముగిసింది. 2021లో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఆ సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. ఆ కారణంగా చక్కగా పనిచేస్తున్న అనేక యంత్రాలు కూడా అధికారికంగా విండోస్ 11కు అర్హత లేనివయ్యాయి.

రెండవ కారణం అంతర్జాలం. ప్రభుత్వ, బ్యాంకు వెబ్‌సైట్లు ఇప్పుడు కొత్త భద్రతా ప్రమాణాలను కోరుతున్నాయి. ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కు టీఎల్ఎస్ 1.2 అనే సంకేతీకరణ పద్ధతి తెలియదు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో చిన్న వ్యాపారులకు కూడా అంతర్జాలంలో లెక్కలు సమర్పించడం తప్పనిసరి అయింది. అంతకుముందు కొట్టు లెక్కలన్నీ చూసిన కంప్యూటరు ఈ ఒక్క పనికి చాలకపోయినంత మాత్రాన, మిగిలిన పనులకు కూడా చాలదని అర్థం కాదు.

## ప్రాముఖ్యత

ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 17 అంగుళాల గాజుగొట్టపు మానిటరుతో కూడిన ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు తయారీకి కనీసం 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు అవసరమవుతాయి. ఆ పరిశోధన చేసిన ఎరిక్ విలియమ్స్, ఇంట్లో మూడేళ్ళు వాడే కంప్యూటరు జీవితకాలంలో ఖర్చయ్యే శక్తిలో సుమారు 81 శాతం తయారీలోనే ఖర్చవుతుందని లెక్కకట్టాడు. ఫ్రిజ్ వంటి గృహోపకరణాలలో ఎక్కువ శక్తి వాడకంలో ఖర్చవుతుంది. అందువలన రోజుకు కొద్ది గంటలు మాత్రమే వాడే కంప్యూటరు ఆయుష్షును పొడిగిస్తే పర్యావరణానికి లాభం ఎక్కువ.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రచురించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వీటిలో సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినవి 22.3 శాతం మాత్రమే. మిగిలినవాటిలో చాలాభాగం చెత్తకుప్పలకో, తగిన రక్షణలేని పాత సామాన్ల వ్యాపారానికో చేరుతున్నది.

## గుంటూరు, ప్రకాశం మైదానాలలో

### కాటాలు

లారీలు, ట్రాక్టర్లు తూచే వేబ్రిడ్జీలు జిన్నింగు మిల్లులు, గిడ్డంగులు, చీమకుర్తి గ్రానైటు గనుల దారులలో కనిపిస్తాయి. వేబ్రిడ్జీ అడుగున ఉండే లోడు సెల్లులు బరువును విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఆ సంకేతాన్ని అంకెలుగా చూపించే ఇండికేటరు సాధారణంగా ఆర్ఎస్-232 అనే సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటరుకు బరువును పంపుతుంది. కంప్యూటరు నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు నమోదుచేసి, నికర బరువు లెక్కకట్టి, చీటీ ముద్రిస్తుంది.

ఈ పనికి పాత కంప్యూటరు రెండు కారణాలవలన బాగా నప్పుతుంది. మొదటిది, పాత మదర్‌బోర్డులపై సీరియల్, సమాంతర పోర్టులు నేరుగా ఉంటాయి. కొత్తవాటిలో చాలావాటికి ఇవి లేక విడిగా మార్పిడి తీగ కొనవలసి వస్తుంది. రెండవది, కార్బను కాగితంతో రెండు మూడు ప్రతులు ఒకేసారి తీయాలంటే సూదులతో కొట్టి ముద్రించే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కావాలి. ఇటువంటి పాత ప్రింటర్లు సమాంతర పోర్టుతోనే నడుస్తాయి. బరువు నమోదుకు వేగవంతమైన ప్రాసెసరుతో గాని అంతర్జాలంతో గాని పని లేదు.

### కమీషను కొట్లు, శీతల గిడ్డంగులు

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిరప విపణులలో ఒకటిగా పేరుపొందింది. జనవరి నుంచి వేసవి వరకు ఇక్కడికి టిక్కీలు (మిరప బస్తాలు) పెద్ద ఎత్తున వస్తాయి. వెంటనే అమ్మని సరుకు గుంటూరు చుట్టుపక్కల ఉన్న శీతల గిడ్డంగులకు చేరుతుంది. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, ఏ గదిలో, ఏ వరుసలో ఉన్నాయో గిడ్డంగివారు నమోదుచేసి బాండు ఇస్తారు. ఆ బాండుపై రైతు అప్పు కూడా తీసుకుంటాడు.

ఇటువంటి జాబితాలు, లెక్కలు రాసుకోవడానికి పదిహేనేళ్ళనాటి కంప్యూటరు కూడా చాలుతుంది. అయితే ఇక్కడ యంత్రం ఖరీదుకంటే అందులోని వివరాల విలువ చాలా ఎక్కువ. హార్డ్ డిస్కు పోయినపుడు యంత్రానికి కలిగే నష్టం స్వల్పం; రైతుల సరుకు లెక్క తారుమారైతే నష్టం పెద్దది. కాబట్టి ఈ పనికి పాత కంప్యూటరును వాడేవారు పాత హార్డ్ డిస్కును తీసివేసి కొత్తది అమర్చాలి. ప్రతిరోజూ వివరాలకు నకలు తీసి, ఒక నకలును వేరే భవనంలో ఉంచాలి. కాగితపు రిజిస్టరును కూడా మానకూడదు.

జాతీయ వ్యవసాయ విపణి అయిన ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. అటువంటి అంతర్జాల లావాదేవీలకు మాత్రం భద్రతా సవరణలు అందుతున్న కంప్యూటరునే వాడాలి. ఒకే కొట్టులో రెండు యంత్రాలను ఉంచి, పాతదానిని అంతర్జాలానికి కలపకుండా లెక్కలకు, ముద్రణకు కేటాయించడం సరైన ఏర్పాటు.

### డీటీపీ కేంద్రాలు

శుభలేఖలు, కరపత్రాలు, కళాశాల ప్రాజెక్టు నివేదికలు తయారుచేసే డీటీపీ కేంద్రాలలో అను లిపులు, అడోబీ పేజ్‌మేకరు కలయిక చాలాకాలం రాజ్యమేలింది. పేజ్‌మేకరు చివరి రూపమైన 7.0 వెలువడింది 2001లో. అను వంటి పాత లిపులు యూనికోడ్‌కు ముందునాటివి. అవి తెలుగు అక్షర భాగాలను రోమను అక్షరాల సంకేత స్థానాలలో ఉంచుతాయి. ఆ లిపి లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందువలన పాత దస్త్రాలను తెరవడానికి పాత యంత్రం, పాత విండోస్ రెండూ అవసరమవుతాయి.

ఇటువంటి కంప్యూటరును అంతర్జాలం నుంచి విడదీసి కేవలం ఈ పనికే ఉంచుకోవచ్చు. కాని అది శాశ్వత పరిష్కారం కాదు. ఆ యంత్రం ఆగిపోయిన రోజున అందులోని తెలుగు రచనలు కూడా చదవడానికి వీలుకాకుండా పోతాయి. స్థానిక చరిత్రలు, పద్య సంకలనాలు, ఊరి పత్రికలు వంటివాటిని యంత్రం పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచుకోవాలి.

### పాఠశాలలు

కేంద్ర ప్రభుత్వం 2004లో ప్రారంభించిన ఐసీటీ పథకం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్య మొదలైంది. ఇందులో ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను వాడారు. సాధారణ డెస్క్‌టాప్ కంప్యూటరులో మిగిలిపోయే శక్తిని పలువురు విద్యార్థులకు పంచడం ఈ పరికరాల పద్ధతి. ఒక్కో విద్యార్థికి విడిగా మానిటరు, కీబోర్డు, మౌసు ఉంటాయి. లోపల పనిచేసే కంప్యూటరు మాత్రం ఒకటే. ఈ విధంగా సుమారు 50,000 సీట్లు ఏర్పాటు చేస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది.

పథకం ప్రైవేటు సంస్థలతో ఐదేళ్ళ ఒప్పందాలపై నడిచింది. 2013లో ఒప్పందాలు ముగియడంతో బోధకులు వెళ్ళిపోయారు, మరమ్మతు బాధ్యత తీసుకునేవారు లేకుండాపోయారు, చాలా పాఠశాలలలో కంప్యూటరు గదులు మూతపడ్డాయి. తరువాతి కాలంలో ప్రభుత్వ దృష్టి చేతిలో ఇమిడే పరికరాలవైపు మళ్ళింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు.

పాత కంప్యూటర్లను పాఠశాలలకు దానం చేయాలనుకునేవారు ఈ అనుభవాన్ని గమనించాలి. యంత్రాలు ఇవ్వడం పనిలో ఒక భాగం మాత్రమే. వాటికి ఒక బాధ్యుడు, కొన్ని విడిభాగాలు, సంవత్సరానికి కొద్దిపాటి మరమ్మతు ఖర్చు, పాఠ్యప్రణాళికలో ఒక గంట కూడా ఉంటేనే అవి పిల్లలకు ఉపయోగపడతాయి.

## ఇతర ప్రాంతాల అనుభవాలు

* కేరళ: 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు తరువాతి సంవత్సరాలలో స్వేచ్ఛా సాఫ్టువేరుకు మారింది. లైసెన్సు ఖర్చు లేకపోవడం, పాఠశాల ఉపాధ్యాయులకే మరమ్మతులో, సాఫ్టువేరు స్థాపనలో శిక్షణ ఇవ్వడం దీని ప్రత్యేకతలు.
* తెలుగునాట: 2005 ప్రాంతంలో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో నడిచే లినక్సు నిర్వహణ వ్యవస్థను రూపొందించింది. పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే రూపాన్ని కూడా తయారుచేసింది.
* అమెరికా: పోర్ట్‌లాండ్ నగరంలో 2000లో స్థాపించిన ఫ్రీ గీక్ సంస్థలో స్వచ్ఛంద సేవకులు పాత కంప్యూటర్లను బాగుచేయడం నేర్చుకుంటారు. నిర్ణీతకాలం సేవచేసినవారికి ఒక కంప్యూటరు ఇచ్చే పద్ధతి దీనికి పేరు తెచ్చింది.

## పునరుద్ధరణ విధానం

### శుభ్రపరచడం

ఈ ప్రాంతంలో కంప్యూటర్లకు దుమ్ము ప్రధాన శత్రువు. జిన్నింగు మిల్లు పరిసరాలలో పత్తి నూగు పంకా రెక్కలకు, ప్రాసెసరుపై ఉండే లోహపు రేకుల మధ్యకు చేరి గాలిని అడ్డుకుంటుంది. మిర్చి కొట్లలో సన్నని కారపు ధూళి చేరుతుంది. రెంటచింతల వంటిచోట్ల 45 డిగ్రీలు దాటే వేసవి ఎండలు దీనికి తోడైతే ప్రాసెసరు వేడెక్కి కంప్యూటరు దానంతట అదే ఆగిపోతుంది. దీనిని చాలామంది యంత్రం చెడిపోయిందని పొరబడతారు.

శుభ్రపరిచేముందు విద్యుత్ తీగను పూర్తిగా తీసివేయాలి. పెట్టెను ఆరుబయటికి తీసుకువెళ్ళి, పంకా తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయరుతో గాలి కొట్టాలి. మిర్చి కొట్టులోని యంత్రమైతే ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. తరువాత ప్రాసెసరు పైభాగాన ఎండిపోయిన ఉష్ణవాహక లేపనాన్ని తుడిచి కొత్తది పూయాలి. మెమొరీ పట్టీల బంగారు పూత అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి అమర్చాలి.

### భాగాల తనిఖీ

* మదర్‌బోర్డుపై కెపాసిటర్లు ఉబ్బినా, కారినా వాటిని మార్పించాలి; లేదా ఆ బోర్డును విడిభాగాలకు కేటాయించాలి.
* తేదీ, సమయం ప్రతిసారీ తప్పుగా చూపితే సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని అర్థం.
* హార్డ్ డిస్కు ఆరోగ్యాన్ని స్మార్ట్ పరీక్షతో చూడాలి. శబ్దం చేసే డిస్కును నమ్మకూడదు.
* సాటా పోర్టు ఉన్న యంత్రానికి చిన్న ఎస్ఎస్‌డీ అమరిస్తే, ఇతర మార్పులేవీ లేకుండానే వేగం స్పష్టంగా పెరుగుతుంది.
* మెమొరీ కొనేముందు అది డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3లలో ఏ రకమో చూసుకోవాలి. ఒకదాని స్థానంలో మరొకటి అమరదు.
* గాజుగొట్టపు మానిటరును, విద్యుత్ సరఫరా పెట్టెను అనుభవం లేనివారు విప్పరాదు. మానిటరు గొట్టంలో వేల వోల్టుల విద్యుత్తు తీగ తీసిన తరువాత కూడా నిలువ ఉండవచ్చు.

### పాత వివరాలు చెరపడం

కంప్యూటరు చేతులు మారేముందు అందులోని వివరాలను పూర్తిగా చెరపడం అత్యవసరం. దస్త్రాలను తొలగించినా, డిస్కును మామూలుగా ఫార్మాట్ చేసినా పాత వివరాలు ఉపకరణాలతో తిరిగి దొరకవచ్చు. కమీషను కొట్టు యంత్రంలో రైతుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ సంఖ్యలు, అప్పుల లెక్కలు; పాఠశాల యంత్రంలో విద్యార్థుల వివరాలు ఉండవచ్చు. హార్డ్ డిస్కు మొత్తంపై సున్నాలు ఒక్కసారి రాస్తే సాధారణ అవసరాలకు సరిపోతుంది. ఇందుకు లినక్సులోని ష్రెడ్ వంటి ఆదేశాలు, డీబ్యాన్ అనే ఉచిత ఉపకరణం ఉన్నాయి. ఎస్ఎస్‌డీలకు తయారీదారు ఇచ్చే సురక్షిత చెరుపు ఆదేశాన్ని వాడాలి. పనిచేయని డిస్కునైతే విప్పి, లోపలి పళ్ళాలను పగలగొట్టాలి.

### సాఫ్టువేరు

పాత యంత్రాలకు తేలికైన లినక్సు పంపిణీలు అనుకూలం. 64 బిట్ల ప్రాసెసరు, 4 జీబీ మెమొరీ ఉన్న యంత్రంలో లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, లుబుంటు వంటివి నడుస్తాయి. 1 జీబీ నుంచి 2 జీబీ మాత్రమే ఉంటే యాంటీఎక్స్, పప్పీ లినక్సు వంటివి ప్రయత్నించవచ్చు. గూగుల్ సంస్థ 2022లో విడుదలచేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అంతర్జాలం ఎప్పుడూ అందుబాటులో ఉండేచోట పనికివస్తుంది. సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకుని తయారైనది.

32 బిట్ల ప్రాసెసర్లకు మాత్రం దారి మూసుకుపోతున్నది. ఉబుంటు వాటిని వదిలివేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల యంత్రాలకు స్థాపన సదుపాయం లేదు. పెంటియం 4 తొలిరోజుల యంత్రాలను అంతర్జాలంతో సంబంధం లేని పనులకే కేటాయించడం మంచిది.

### తెలుగు అమరిక

విండోస్ 98లో తెలుగు యూనికోడ్‌కు ఏర్పాటు లేదు. ఎక్స్‌పీ నుంచి గౌతమి లిపితో తెలుగు కనిపించడం మొదలైంది. కొత్త లినక్సు పంపిణీలలో తెలుగు సంయుక్తాక్షరాలు సరిగా ఏర్పడతాయి. లోహిత్ తెలుగు, పోతన, వేమన వంటి లిపులు ఉచితంగా దొరుకుతాయి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును, లేదా పలుకును బట్టి రాసే పద్ధతిని ఎంచుకోవచ్చు. గ్రామ గ్రంథాలయానికో, పాఠశాలకో ఇచ్చే యంత్రంలో ఈ అమరిక ముందే చేసి ఇవ్వడం అవసరం. తెలుగు చదవలేని, రాయలేని కంప్యూటరు అక్కడ మళ్ళీ మూలకు చేరుతుంది.

## కొత్త ఉపయోగాలు

* అంతర్జాలం లేని విజ్ఞాన కేంద్రం: 2007లో మొదలైన కివిక్స్ అనే ఉచిత సాఫ్టువేరుతో తెలుగు వికీపీడియా నకలును కంప్యూటరులో నిలువచేసి, అంతర్జాలం లేకుండానే చదువుకోవచ్చు. పాఠశాల గ్రంథాలయానికి ఇది చక్కని ఉపయోగం.
* గ్రంథాలయ జాబితా: ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల పట్టిక, ఇచ్చిపుచ్చుకోళ్ళ నమోదు. కోహా వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు ఇందుకు ఉంది. చిన్న గ్రంథాలయానికి ఒక సాధారణ పట్టిక దస్త్రం చాలు.
* పలుచని టెర్మినళ్ళు: ఎల్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో పాత కంప్యూటర్లు తెర, కీబోర్డులుగా మాత్రమే పనిచేస్తాయి. అసలు పని ఒక బలమైన సర్వరు చేస్తుంది. పాత యంత్రాలకు హార్డ్ డిస్కు కూడా అక్కరలేదు, మరమ్మతు చాలావరకు ఒక్క సర్వరుకే పరిమితమవుతుంది.
* దస్త్రాల నిలువ: కార్యాలయంలోని ఇతర కంప్యూటర్ల నకళ్ళు భద్రపరిచే సర్వరు. సాంబా సాఫ్టువేరుతో విండోస్ యంత్రాలు కూడా దీనిని వాడుకోగలవు.
* ముద్రణ సర్వరు: ఒకే ప్రింటరును పలువురు పంచుకోవడానికి.
* టైపింగు, హార్డువేరు శిక్షణ: ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు నిర్భయంగా విప్పి, బిగించి నేర్చుకోవడానికి పాత యంత్రమే తగినది.
* ధరల పట్టిక: మార్కెట్టు యార్డులోగాని రైతు సంఘ కార్యాలయంలోగాని ఆనాటి ధరలు, ప్రకటనలు చూపే తెర.

## పరిమితులు

విద్యుత్ ఖర్చు: 100 వాట్లు తీసుకునే పాత కంప్యూటరును రోజుకు 8 గంటల చొప్పున సంవత్సరానికి 300 రోజులు వాడితే 240 యూనిట్లు ఖర్చవుతుంది. అదే యంత్రాన్ని సర్వరుగా రాత్రింబవళ్ళు నడిపితే ఆ ఖర్చు 876 యూనిట్లు. 10 వాట్ల చిన్న కంప్యూటరు అదే పని 88 యూనిట్లతో చేస్తుంది. కాబట్టి ఎప్పుడూ నడిచే పనులకు బాగా పాత యంత్రాలు లాభదాయకం కావు. గాజుగొట్టపు మానిటరుకు బదులు ఎల్ఈడీ మానిటరు వాడితే ఖర్చు కొంత తగ్గుతుంది.

భద్రత: మద్దతు ముగిసిన నిర్వహణ వ్యవస్థను అంతర్జాలానికి కలిపితే వైరస్‌ల బారిన పడే ప్రమాదం ఎక్కువ. అటువంటి యంత్రంలో బ్యాంకు పనులు చేయరాదు. పెన్‌డ్రైవుల ద్వారా కూడా వైరస్‌లు చేరతాయని గుర్తుంచుకోవాలి.

విద్యుత్ అంతరాయాలు: మాటిమాటికీ కరెంటు పోయేచోట యూపీఎస్ లేకుండా పాత హార్డ్ డిస్కును నడిపితే అది త్వరగా చెడిపోవచ్చు. దానంగా వచ్చిన కంప్యూటరుకు కూడా మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ కొనక తప్పదు.

దానం పేరిట వ్యర్థాలు: పనిచేయని యంత్రాలను దానంగా ఇస్తే, వాటిని వదిలించుకునే భారం స్వీకరించినవారిపై పడుతుంది. అపాయకర వ్యర్థాలను ఒక దేశం నుంచి మరొక దేశానికి తరలించడాన్ని నియంత్రించే బాసెల్ ఒడంబడిక 1989లో ఏర్పడటానికి వెనుక ఇటువంటి అనుభవమే ఉంది. ఊరి స్థాయిలో కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది: పరీక్షించి, పనిచేస్తున్నదని చూపించి మాత్రమే ఇవ్వాలి.

## ఆయుష్షు ముగిసిన తరువాత

ఎంత పొడిగించినా ప్రతి కంప్యూటరూ ఒకనాటికి వ్యర్థమే అవుతుంది. గాజుగొట్టపు మానిటరులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. పాత ఎల్‌సీడీ తెరల వెనుక దీపాలలో పాదరసం ఉంటుంది. రాగి కోసం ప్లాస్టిక్కు తీగలను కాలిస్తే డయాక్సిన్‌ల వంటి విషపదార్థాలు వెలువడతాయి. బంగారం కోసం మదర్‌బోర్డులను ఆమ్లంలో ముంచి, మిగిలిన ద్రవాన్ని నేలపై పారబోస్తే భార లోహాలు మట్టిలోకి, నీటిలోకి చేరతాయి. పొలాలు, మిరప కల్లాలు ఊరిని ఆనుకుని ఉండే ఈ మైదానాలలో అది పంటకు, తాగునీటికి సంబంధించిన విషయం.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాలకై 2011లో ప్రత్యేక నియమాలు వెలువడి 2012 మే 1న అమలులోకి వచ్చాయి. వాటి స్థానంలో 2016 నియమాలు, అనంతరం 2022 నియమాలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ చివరి నియమాల ప్రకారం, తాము అమ్మిన వస్తువులకు తగినంత పరిమాణంలో వ్యర్థాలను రీసైక్లింగు చేయించే బాధ్యత ఉత్పత్తిదారులది. పునరుద్ధరణ చేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. వారు పునరుద్ధరించిన పరిమాణానికి ధ్రువపత్రం జారీ అవుతుంది. దాని ఆధారంగా ఉత్పత్తిదారు తన బాధ్యతను కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. ఈ విధంగా పునర్వినియోగానికి చట్టంలో గుర్తింపు లభించింది.

ఒక ఆర్థిక సంవత్సరంలో 1,000 లేదా అంతకుమించి నిర్ణీత ఎలక్ట్రానిక్ వస్తువులు వాడిన సంస్థను ఈ నియమాలు భారీ వినియోగదారుగా పరిగణిస్తాయి. పెద్ద ఇంజనీరింగు కళాశాలలు ఈ కోవలోకి రావచ్చు. అటువంటివారు తమ వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకు, పునరుద్ధరణదారుకు, లేదా రీసైక్లింగు సంస్థకు మాత్రమే అప్పగించాలి. చిన్న కొట్లు, ఇళ్ళు ఆ సంఖ్యకు చేరవు. కాని ఒక వీధిలోని కొట్లవారో, ఒక మండలంలోని పాఠశాలలో తమ పాత యంత్రాలను ఒకచోట చేర్చి, నమోదైన సంస్థకు కబురు పంపితే వారికీ ఆ మార్గం అందుబాటులోకి వస్తుంది. అప్పగించేముందు డిస్కులోని వివరాలు చెరపడం, పనికివచ్చే మెమొరీ, కేబుళ్ళు తీసి దాచుకోవడం మరువకూడదు.

## ఇవి కూడా చూడండి

* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* లినక్సు
* యూనికోడ్
* గుంటూరు మిర్చి యార్డు
* బాసెల్ ఒడంబడిక